చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకకండి: ఎసెండన్ క్లబ్‌కు బహిరంగ లేఖ

ఎసెండన్ ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షులకు, పాలక మండలి సభ్యులకు, ఆటగాళ్ల ఎంపిక చూసే పెద్దలకు,

నమస్కారం.

నేను మీ క్లబ్ సభ్యుణ్ణి. మాది తెనాలి. చదువు కోసం 2006 మొదట్లో మెల్‌బోర్న్ వచ్చాను. చదువయ్యాక ఇక్కడే ఉద్యోగంలో కుదురుకుని, ఇప్పుడు క్రేగీబర్న్‌లో ఇల్లు కట్టుకుని ఉంటున్నాను. ఈ లేఖకు ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపుతున్నాను. అయినా ముందు తెలుగులోనే రాశాను. మీ జట్టు ఓడిన మరునాడు పొద్దున్నే ఇడ్లీల ముందు కూర్చుని మా ఇంట్లో చేసే వాదన తెలుగులోనే సాగుతుంది. నా బాధ ఈ భాషలోనే సూటిగా బయటికి వస్తుంది. పైగా ఈ నగరానికి ఉత్తరాన, పడమరన మీ ఎరుపు నలుపు కండువా కొనుక్కున్న తెలుగు కుటుంబాలు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. వాళ్లూ దీన్ని చదవాలి.

అక్టోబరులో ఆటగాళ్ల మార్పిడి మొదలయ్యే సరికి మన క్లబ్ పేరు పక్కన ఏటా ఒకే అవసరం వినిపిస్తుంది. కీ ఫార్వర్డ్ కావాలి. ఎవరిని తేవాలి, ఎంత ఇవ్వాలి, ఏ క్లబ్‌లో ఎవరు అసంతృప్తిగా ఉన్నారు అన్న లెక్కలు మొదలవుతాయి. ఈ వెతుకులాటను దాదాపు ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. మీరు వెతుకుతున్న చోటు సరైనది కాదని చెప్పడానికే ఇప్పుడు కలం పట్టాను.

ఈ ఆట తెలియని మన పాఠకులకు కొంచెం చెప్పాలి. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. జట్టుకు 18 మంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. నడిమి రెండు స్తంభాల మధ్య నుంచి బంతిని కాలితో పంపితే గోలు, 6 పాయింట్లు. నడిమి స్తంభానికీ దాని పక్క స్తంభానికీ మధ్య నుంచి పోతే ఒక్క పాయింటే. కాలితో తన్నగా కనీసం 15 మీటర్లు ఎగిరి వచ్చిన బంతిని, దారిలో ఎవరూ తాకకుండా, నేల మీద పడకుండా పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. పట్టుకున్నవాడు ఆగి, తీరుబడిగా గురి చూసుకుని తన్నవచ్చు. గోలుకు దగ్గరగా నిలబడి, ఇద్దరు ముగ్గురు మీద పడుతున్నా ఆకాశంలోంచి బంతిని దించుకుని గోలు కొట్టేవాడే కీ ఫార్వర్డ్. మిగిలిన 17 మంది పడ్డ కష్టమంతా చివరికి అతని చేతుల్లోకే చేరుతుంది.

నేను చూసిన మొదటి మ్యాచ్ 2006 సీజన్‌లో మొట్టమొదటిది. అప్పుడు పాస్కో వేల్‌లో ఒక ఇంట్లో నలుగురం అద్దెకు ఉండేవాళ్లం. పక్కింటి పెద్దాయన పుట్టినప్పటి నుంచీ ఎసెండన్ మనిషి. చలికి చాలని స్వెటర్ వేసుకుని మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న నన్ను చూసి, తన దగ్గర టికెట్ ఒకటి అదనంగా ఉందని డాక్‌ల్యాండ్స్ స్టేడియానికి తీసుకెళ్లారు. ప్రత్యర్థి సిడ్నీ, అంతకు ముందు ఏడాది ఛాంపియన్లు. మాథ్యూ లాయిడ్‌కు కెప్టెన్‌గా అది తొలి మ్యాచ్. నాకు ఆట సగం అర్థం కాలేదు. కానీ లాయిడ్ గోలు కొట్టే ముందు ఒంగి, నాలుగు గడ్డిపరకలు తెంపి గాలిలోకి వదిలి, అవి ఎటు పోతున్నాయో చూసే తీరు మాత్రం మనసులో ముద్రపడింది. మా నాన్న కళ్లంలో వడ్లు తూర్పారబట్టే ముందు గుప్పెడు పొట్టు పైకి విసిరి గాలి చూసేవారు. పరాయి దేశంలో పరాయి ఆటలో ఆ చెయ్యి నాకు తెలిసిన చెయ్యిలా అనిపించింది. ఆ రోజు లాయిడ్ 8 గోల్స్ కొట్టారు. మనం గెలిచాం. ఇంటికి వచ్చేసరికి నేను మీవాణ్ణి అయిపోయాను.

మూడో మ్యాచ్‌లో లాయిడ్ తొడ వెనుక కండరం తెగింది. ఆ ఏడాదికి ఆయన ఆట ముగిసింది. జట్టు ఆట కూడా ముగిసినట్టే అయింది. 22 మ్యాచ్‌లలో మూడే గెలిచి కింది నుంచి రెండో స్థానంలో నిలిచాం. ఒక్క మనిషి మీద ఇల్లంతా ఆనించి ఉంచితే ఆ మనిషి పడిన రోజు ఏమవుతుందో నాకు మొదటి ఏడాదే తెలిసింది. మీకూ తెలిసే ఉంటుంది. కానీ ఆ తరువాత మీరు చేసినదల్లా అలాంటి మరొక్క మనిషిని వెతకడమే.

ఈ వెతుకులాటకు మన క్లబ్‌లో బరువు ఎక్కువ, అది నాకు తెలుసు. ఏటా లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే పతకానికి పేరే జాన్ కోల్‌మన్‌ది. ఆయన మనవాడు. 98 మ్యాచ్‌లలో 537 గోల్స్. 1949లో తొలి మ్యాచ్‌లోనే హాథార్న్ మీద 12 కొట్టారు. ఆ సీజన్‌లో నూరో గోలును ఫైనల్లో కొట్టి ట్రోఫీ తెచ్చారు. మరుసటి ఏడాది 120 గోల్స్, మళ్లీ ట్రోఫీ. 1951లో తనను కొట్టినవాడిని తిరిగి కొట్టినందుకు నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. ఆయన లేని ఫైనల్లో మనం జీలాంగ్ చేతిలో 11 పాయింట్ల తేడాతో ఓడిపోయాం. 1954లో ఒక మ్యాచ్‌లో 14 గోల్స్ కొట్టిన మరుసటి వారమే మోకాలి కీలు తప్పింది. అప్పటికి ఆయన వయసు 25. మళ్లీ ఆడలేదు. మా పక్కింటి పెద్దాయన ఏడేళ్ల పిల్లవాడిగా విండీ హిల్ మైదానంలో వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని కోల్‌మన్‌ను చూశారట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఎనభై దాటిన ఈ వయసులోనూ ఆయన గొంతు మారిపోతుంది.

కోల్‌మన్ కథలో మీరు మరచిపోయారేమో అని నాకు అనుమానంగా ఉన్న భాగం మరొకటి ఉంది. ఆయన హేస్టింగ్స్ అనే చిన్న ఊరి జట్టు నుంచి ముందే ఎసెండన్ సాధనకు వచ్చారు. అప్పుడు జట్టులో చోటు దొరకలేదు. తిరిగి హేస్టింగ్స్ వెళ్లి అక్కడ వందల గోల్స్ కొట్టాక గానీ క్లబ్ కళ్లు తెరవలేదు. ఈ ఆట చూసిన అత్యుత్తమ ఫార్వర్డ్ మన గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లాడు. ఆయన ఎత్తు 185 సెంటీమీటర్లు. మీ ఎంపిక విభాగం ఇవాళ టేపు పట్టి కొలిస్తే ఆయన్ను కీ ఫార్వర్డ్ జాబితాలో రాసుకుంటుందా? దయచేసి ఒకసారి ఆలోచించండి.

2003లో లాయిడ్ మూడోసారి గెలిచాక కోల్‌మన్ పతకం మన ఇంటికి రాలేదు. 2004 తరువాత ఫైనల్స్ దశలో, అంటే సీజన్ చివర పై స్థానాల జట్లు ట్రోఫీ కోసం ఆడే మ్యాచ్‌లలో, ఒక్కటీ గెలవలేదు. 2009, 2011, 2014, 2017, 2019, 2021. ఆరుసార్లు వెళ్లాం, ఆరుసార్లూ తొలి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టాం. నేను ఈ దేశం వచ్చాక మీరు ఫైనల్స్‌లో గెలవడం కళ్లారా చూడలేదు. నా కూతురు ఇక్కడే పుట్టింది. అదీ చూడలేదు. 2025లో 15వ స్థానం. ఎదురుచూసి కళ్లు కాయలు కాచాయంటే అది మాటవరసకు అంటున్నది కాదు.

ఈ మధ్యకాలంలో మన చేతికి వచ్చిన ఫార్వర్డ్‌లను ఒక్కొక్కరినే తలచుకుంటే నాకు కనిపించేది వేరే కథ. 2006లో అంత దారుణంగా ఓడినందుకు డ్రాఫ్ట్‌లో, అంటే కింద నిలిచిన క్లబ్‌లకు ముందు అవకాశమిచ్చి కొత్త కుర్రవాళ్లను పంచే ఏటేటి ఎంపికలో, రెండో ఎంపిక మనకు దక్కింది. స్కాట్ గంబుల్టన్ అనే పొడవాటి కుర్రవాణ్ణి తీసుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో 13వ ఎంపికగా రిచ్‌మండ్ తీసుకున్న జాక్ రీవోల్ట్ తరువాత మూడుసార్లు కోల్‌మన్ పతకం గెలిచాడు. దాన్ని పట్టుకుని ఆనాటి మీ ఎంపికను నేను తప్పుపట్టను. 18 ఏళ్ల పిల్లవాడిలో రేపటి మనిషిని చూడటం ఎవరికైనా కష్టమే. గంబుల్టన్ వెన్ను, తొడ గాయాలతో మన తరఫున 35 మ్యాచ్‌లే ఆడగలిగాడు. ఆ అబ్బాయికి ఆట రాక కాదు, ఒళ్లు నిలవక.

2008లో 5వ ఎంపికగా వచ్చిన మైఖేల్ హర్లీని ముందు ఫార్వర్డ్ అన్నారు. కొన్నాళ్లు ముందుకు, కొన్నాళ్లు వెనక్కి తిప్పారు. చివరికి వెనుక నిలబడి కాపలా కాసేవాడిగా 2015లో, 2017లో లీగ్ అత్యుత్తమ జట్టులో చోటు సంపాదించాడు. అతనికి మంచే జరిగింది. కానీ గోలు ముందు ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. దాన్ని పూడ్చడానికి అదే వెనుక వరుసలో పేరు తెచ్చుకున్న కేల్ హుకర్‌ను ముందుకు పంపారు. దుప్పటి పొట్టిదైతే తల కప్పితే కాళ్లు బయటపడతాయి, కాళ్లు కప్పితే తల. ఎవరో పాతకాలం అభిమాని 1984 ఫైనల్‌ను గుర్తుచేస్తారని నాకు తెలుసు. ఆటలోని నాలుగు క్వార్టర్లలో మూడు అయ్యేసరికి హాథార్న్ కన్నా 23 పాయింట్లు వెనుకబడి ఉంటే, మన కోచ్ కెవిన్ షీడీ వెనుక వరుస నుంచి వెస్టన్‌ను, బ్రాడ్‌బరీని ముందుకు పంపి ట్రోఫీ గెలిచారు. అది చివరి అరగంటలో తీసుకున్న గొప్ప నిర్ణయం. ఒక్క క్వార్టర్‌కు పనికొచ్చిన ఎత్తుతో పదేళ్లు నెట్టుకు రాలేం.

జో డానిహర్ గురించి రాయాలంటే ఇప్పటికీ నాకు చెయ్యి ఆడదు. డానిహర్‌లు ఈ క్లబ్‌కు ఇంటి మనుషులు. టెర్రీ, నీల్, ఆంథొనీ, క్రిస్, నలుగురు అన్నదమ్ములూ ఒకే మ్యాచ్‌లో మన రంగులు వేసుకుని ఆడారు. జో ఆంథొనీ కొడుకు. 2017లో 65 గోల్స్ కొట్టి, క్లబ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ ఏడాది మా ఇంట్లో లాయిడ్ తరువాత ఎవరు అన్న మాటే లేకుండా పోయింది. తరువాత గజ్జల్లో నొప్పి. 2018 నుంచి 2020 వరకు మూడేళ్లలో 15 మ్యాచ్‌లు. ఆ తరువాత తనంతట తానే బ్రిస్బేన్ వెళ్లిపోయాడు. వెళ్లడం అతని హక్కు, అతన్ని నిందించను. కానీ మన దగ్గర నిలవని ఆ ఒళ్లు అక్కడ నిలిచింది. 2023లో 61 గోల్స్, 2024లో 58. 2024 ఫైనల్లో బ్రిస్బేన్ సిడ్నీని 60 పాయింట్ల తేడాతో ఓడించింది. ఆ సాయంత్రం టీవీలో అతను పతకం వేసుకుని నవ్వుతుంటే నేను సంతోషించాను, నిజంగానే. కాసేపటికి లేచి పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. 30 ఏళ్లకే ఆట మానేశాడు. అంటే మనకు దక్కాల్సిన అతని మంచి ఏళ్లన్నీ అక్కడే ఖర్చయ్యాయి.

దాని పక్కనే మరొకటి పెట్టి చూడండి. అప్పటి కార్ల్‌టన్ ఆటగాడు చార్లీ కర్నో మోకాలి గాయాలతో 2020లో ఒక్క మ్యాచ్ ఆడలేదు, 2021లో నాలుగే ఆడాడు. ఆ క్లబ్ అతన్ని పట్టుకుని కూర్చుంది. 2022లో, 2023లో వరుసగా కోల్‌మన్ పతకం అతనిదే. మెల్‌బోర్న్ క్లబ్ 2018లో ఫ్రీమాంటిల్‌కు ఇచ్చేసిన జెస్సీ హోగన్ 29 ఏళ్ల వయసులో, 2024లో, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ తరఫున అదే పతకం గెలిచాడు. పొడవాటి ఫార్వర్డ్ తాటిచెట్టు లాంటివాడు. కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు అతన్ని పెంచిన తోటలోనే గడవాలన్నది నా మాట.

కొనుక్కురావడమే తప్పని నేను అనడం లేదు. పీటర్ రైట్‌ను 2020లో గోల్డ్ కోస్ట్ నుంచి చాలా తక్కువకే తెచ్చారు. 203 సెంటీమీటర్ల మనిషి 2022లో 53 గోల్స్ కొట్టి క్లబ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. అది మంచి బేరం. కానీ 2023లో గోల్స్ బరువు మోసింది కైల్ లాంగ్‌ఫర్డ్. 51 గోల్స్. ఒక ఏడాది ఒకరు, మరో ఏడాది మరొకరు. ఇద్దరూ ఒకేసారి నిలదొక్కుకున్న కాలం ఎప్పుడైనా ఉందా? ముందు వరుసలో ఒకే పెద్ద తలకాయ ఉంటే ప్రత్యర్థి కాపలాదారులు ముగ్గురూ వాడి మీదే పడతారు. ఇద్దరుంటే చీలిపోతారు. మీకు కావలసింది ఒక మనిషి కాదు, ఒక జత.

బంతి వచ్చే తీరు గురించి కూడా చెప్పాలి. ఇది నేను టీవీలో కాకుండా మైదానంలో కూర్చుని, గోలు వెనుక స్టాండ్‌లోంచి చూసిన సంగతి. మన ఫార్వర్డ్ ఖాళీ జాగాలోకి పరుగు తీస్తాడు. చెయ్యి ఎత్తుతాడు. మధ్యలో బంతి పట్టుకున్నవాడు ఒక్క క్షణం ఆలస్యం చేస్తాడు. ఒత్తిడి రాగానే కళ్లు మూసుకుని పైకి లేపుతాడు. ఆ ఎత్తు బంతి కిందికి దిగేసరికి దాని కింద అయిదుగురు ఉంటారు. మనవాడు అప్పటికి మూడు పరుగులు వృథాగా తీసి ఉంటాడు. మరునాడు పత్రికలో అతను ఎన్ని గోల్స్ కొట్టలేదో ఉంటుంది, ఎన్ని పరుగులు వృథా అయ్యాయో ఉండదు. 2023 ఫైనల్స్‌లో మెల్‌బోర్న్ జట్టు కాలింగ్‌వుడ్ మీద 69 సార్లు బంతిని గోలు ముందరి 50 మీటర్ల గీత దాటించింది. కాలింగ్‌వుడ్ 37 సార్లే దాటించింది. అయినా 7 పాయింట్లతో కాలింగ్‌వుడ్ గెలిచింది. బంతి ఎలా వస్తున్నదో సరిచేయకుండా కోట్లు పోసి ఎవరిని తెచ్చి నిలబెట్టినా, రెండేళ్లలో అతనూ పనికిరానివాడిలాగే కనిపిస్తాడు. ముందు బంతి పంపే కాళ్లను బాగుచేయండి.

ఇక అసలు విషయం. నేట్ కాడీ. 2023 డ్రాఫ్ట్‌లో 10వ ఎంపికగా మీరే తీసుకున్నారు. నార్దర్న్ నైట్స్ అనే కుర్రవాళ్ల జట్టులో ఆడినవాడు. ఎత్తు 193 సెంటీమీటర్లు. కీ ఫార్వర్డ్‌కు అది సరిపోదని కొందరి మాట. కోల్‌మన్ ఎత్తు మీకు ఇందాకే గుర్తుచేశాను. ఈ అబ్బాయి ఎగిరితే వెనుకవాడి భుజాలు మెట్లవుతాయి. బంతి నేల మీద పడ్డా వదలడు. గోలు ముందు నిలబడ్డప్పుడు అతని ముఖంలో భయం కనిపించదు, ఆకలి కనిపిస్తుంది. లాయిడ్ తరువాత ఒక ఆటగాడి దగ్గరికి బంతి వెళ్తుంటే స్టాండ్‌లో జనం ముందే లేచి నిలబడటం డానిహర్‌కు చూశాను, మళ్లీ ఇతనికి చూస్తున్నాను. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారని నేను అంటున్నది ఇతని గురించే.

నా విన్నపం ఇతన్ని పెంచమని. పెంచడమంటే తీసుకుని మైదానంలో వదలడం కాదు. ఒకటి రెండు సీజన్లు గోల్స్ తగ్గితే వెనక్కి తిప్పి చూడకండి, హర్లీని తిప్పినట్టు. ప్రత్యర్థి జట్టులో అతి పెద్ద కాపలాదారును తన మీదికి తీసుకునే పొడవాటి తోడును పక్కన నిలపండి. ఆ తోడు కోసం కావాలంటే వెతకండి, కొనండి, అభ్యంతరం లేదు. కానీ అతను కాడీ కోసం వచ్చినవాడై ఉండాలి, కాడీ స్థానంలోకి కాదు. నొప్పి అన్న మొదటి రోజే ఆపండి. ముఖ్యమైన మ్యాచ్ ఉందని సూది వేసి దించకండి. గజ్జల నొప్పి, తొడ నొప్పి, వెన్ను నొప్పి ఈ క్లబ్ నుంచి ఎంత తీసుకుపోయాయో పైన రాశాను. ఆటగాళ్లకు నిషేధిత పదార్థం ఎక్కించారన్న 2012 నాటి ఇంజెక్షన్ల వ్యవహారం, దానివల్ల 2016లో 34 మంది ఆటగాళ్ల మీద పడిన నిషేధం తరువాత ఆటగాళ్ల శరీరాల విషయంలో అందరికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన క్లబ్ మనది. కన్నవాళ్లు తమ పిల్లలను మీ చేతుల్లో పెడుతున్నారు.

మా వీధుల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. 2024 డ్రాఫ్ట్‌లో 13వ ఎంపికగా వచ్చిన ఐజాక్ కాకో ఇరాక్ మూలాలున్న కుటుంబంలో పుట్టినవాడు. వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే మీ అకాడమీలోంచే వచ్చాడు. అతను మొదటిసారి మన రంగులు వేసుకుని దిగినప్పుడు మా వీధిలో ఇరాకీ కుటుంబాలు, లెబనీస్ కుటుంబాలు, మా తెలుగు ఇళ్లు ఒకేలా సంబరపడ్డాయి. కాకో పొట్టివాడు, వేగంగా కదిలే ఫార్వర్డ్. పొడవాటివాడు కూడా ఈ ఇళ్లలోనే ఎక్కడో ఉండి ఉండవచ్చు. మా కాలనీ మైదానంలో సాయంత్రాలు బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల్లో పదిహేనేళ్లకే నా తల మీదుగా చూసేవాళ్లున్నారు. దక్షిణ సూడాన్ పిల్లలు, పంజాబీ పిల్లలు, మా గుంటూరు పిల్లవాడొకడు. వాళ్లకు మీ క్లబ్ పేరు తెలుసు, మీ శిక్షణ మైదానం కారులో కొద్ది దూరమే. కానీ బంతి చేతికిచ్చి, ఎగిరి పట్టుకో అని చెప్పడానికి అక్కడికి ఎవరూ వచ్చినట్టు నాకు కనిపించలేదు. వాళ్ల అమ్మానాన్నలు ఈ ఆటలో దెబ్బలు తగులుతాయని భయపడతారు. నా భార్యా అంతే. వచ్చి వాళ్లతో కూర్చుని మాట్లాడండి. తెలుగులో మాట్లాడే మనిషి కావాలంటే నేను వస్తాను. శనివారాలు నాకు సెలవు.

వచ్చే ఏడాది సభ్యత్వానికి డబ్బు కట్టేశాను. మూడు సీట్లు. నాకు, నా కూతురికి, మా పాస్కో వేల్ పెద్దాయనకు. మెట్లు ఎక్కలేనని ఆయన మొదట వద్దన్నారు. కింది వరుసలో, గోలు వెనుక చోటు తీసుకున్నానని చెప్పాక ఒప్పుకున్నారు. కోల్‌మన్‌ను చూసిన కళ్లు అవి. నా కూతురు నంబరు 30 జెర్సీ అడిగింది. అది కాడీ నంబరు. కొనే ముందు నన్ను ఒకే ప్రశ్న వేసింది: నాన్నా, ఇతను వెళ్లిపోడు కదా? నేను జవాబు చెప్పలేదు. అది మీరు చెప్పాల్సిన జవాబు.

ఇట్లు,
మీ క్లబ్ సభ్యుడు,
క్రేగీబర్న్, మెల్‌బోర్న్